మంత్రిగారి సొరుగులో ఒక తల

మార్లినీ, మార్చి 9

బెర్తక్కా,

నువ్వు పంపిన ఉన్ని బనీను అందింది. లాయరు గౌను కింద వేసుకుని చూపిస్తే, నెలలు నిండిన మతగురువులా ఉన్నావన్నారు గురువుగారు. ఆయన పొట్ట గురించి నేనేమీ అనలేదు. ఎనిమిది నెలలు జూనియరుగా ఉండి నేను నేర్చుకున్న న్యాయశాస్త్రం మొత్తం అదే.

ఈ ఉత్తరం ఉర్బాన్ బావకి చదివి వినిపించకు. పోలీసు జమేదారుకి హంతకుల తరఫువాళ్ళ కష్టాలు చెబితే అరగవు. వినిపించే తీరాలనుకుంటే భోజనమయ్యాక వినిపించు.

మా గురువుగారు, లాయరు రూసెలాక్ గారి గొప్ప నేను నీకు చెప్పాలా? ముప్ఫై ఒక్కమందిని గిలటిన్ కత్తి కిందనుంచి లాక్కొచ్చిన మనిషి. ఆయన లేచి నిలబడితే సాక్షులు తమ పేర్లే మర్చిపోతారు. పైగా పార్లమెంటు సభ్యుడు. మరణశిక్షనే ఎత్తేయాలని బిల్లు రాస్తున్నారు. ఆ బిల్లు కాగితాలనీ, హత్యకేసుల కాగితాలనీ, వెల్లుల్లి సాసేజీనీ ఒకే సంచిలో మోసే మహత్కార్యం నీ తమ్ముడిది.

ప్రస్తుతం సంచిలో ఉన్న తల ఒదిలోన్ వాన్‌హౌట్‌ది. బొగ్గుపడవ సరంగు. పోయిన అక్టోబరులో కాలువ లాకు దగ్గర, తలుపులు తీసే లస్కరు ఒకడు ఇనుప కొక్కెం గెడ దెబ్బకి చచ్చిపోయాడు. కొట్టింది తనేనని ఒదిలోన్ ఒప్పుకున్నాడు. ఆ లస్కరు మూడు గంటలు పడవ ఆపేసి, అది చాలక తన తల్లిని పట్టుకుని తిట్టాడట. తన చేతిలో గెడ ఉంది, కొట్టేశాడట. ప్రభుత్వ న్యాయవాది అలా కాదంటాడు. వంపు వెనక రెండు రోజులు పడవ కట్టేసి, కాపు కాసి చంపాడంటాడు. జ్యూరీ మొదటి మాట నమ్మితే జైలు, రెండోది నమ్మితే తల. ఒదిలోన్ నన్ను ‘చిన్న లాయరూ’ అంటాడు, ‘నువ్వు’ అంటాడు. కాలువ మీద పుట్టి పెరిగినవాళ్ళ దాకా ‘మీరు’ అనే మాట వచ్చినట్టు లేదు. "చిన్న లాయరూ, నీ మెడ సన్నం, నాది లావు. నా దగ్గర కత్తికి కూలి ఎక్కువ పడుద్ది," అన్నాడు నిన్న. నవ్వాను. బయటికొచ్చాక నా మెడ నేనే తడిమి చూసుకున్నాను.

మా వృత్తిలో అసలు పని వాదన కాదక్కా, జ్యూరీని ఏరడం. ముప్ఫై ఆరు పేర్ల జాబితా ఇస్తారు. జడ్జిగారు పెట్టెలోంచి చీటీ తీసి పేరు చదువుతారు. ఆ మనిషి లేచి కుర్చీ దాకా నడిచే లోపల మన లాయరు ‘వద్దు’ అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు, అతను ఇంటికి పోతాడు. కూర్చున్నాడా, ఇక లేపలేం. అందుకే గురువుగారు వారం ముందే నన్ను ఈ ఊరికి తోలి, ఆ ముప్ఫై ఆరుగురి గుట్టూ లాగమన్నారు. మంగలి షాపులో మూడుసార్లు గడ్డం గీయించుకున్నాను, నాకు గడ్డం లేకపోయినా.

జాబితాలో పదిహేడో నంబరు ఫ్లొరిమోన్ దెకూక్. తండ్రి పోయాక బీరు కార్ఖానా అతనిదే. మంగలి కత్తి నా గొంతు మీద పెట్టి మరీ చెప్పాడు: "ఆయనాండీ? ఏప్రిల్లో ముప్ఫయ్యో పుట్టినరోజు, ఊరందరికీ బీరు పోయిస్తాడంట. ఈలోగా పడవవాడి తల తెగితే ఇంకో రెండు పీపాలు పైన పోయిస్తానన్నాడు." ఈ మాటలు ఉన్నవున్నట్టు రాసి, కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి గురువుగారి చేతికిచ్చాను.

ఈ ఉదయం ఏడో చీటీకి ‘దెకూక్’ అని వినపడింది. గురువుగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. దగ్గాను. దెకూక్ లేచాడు. గౌను పట్టుకుని లాగాను. దెకూక్ నడుస్తున్నాడు.

"గురువుగారూ, పదిహేడు! వాడే!"

"ఉండరా," అన్నారు, కళ్ళు తెరవకుండానే.

దెకూక్ కూర్చున్నాడు.

అప్పటినుంచి ఒక మాట నా బుర్రలో తిరుగుతోంది. పోయిన నెల నలుగురు ఎంపీలతో భోంచేస్తూ ఆయన అన్నారు: "నేను బతికించినవాళ్ళని జనం మర్నాటికి మర్చిపోతున్నారయ్యా. చట్టం మారాలంటే నేను ఓడిపోవాలి. ఒక్కసారి. బాగా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జూనియరు నవ్వాలి కదా.

ఇప్పుడు బనీను లోపల చెమట పడుతోంది.

నీ తమ్ముడు,
ఒక్తావ్


మార్లినీ, మార్చి 12

అక్కా,

ఓడిపోయాం. నిన్న సాయంత్రం ఒదిలోన్‌కి మరణశిక్ష వేశారు.

గురువుగారి వాదన నడుస్తుంటే కోర్టు బంట్రోతు ఏడ్చాడు, విలేకర్లు ఏడ్చారు, లస్కరు పెళ్ళాం కూడా ఏడ్చింది. దెకూక్ మాత్రం గోళ్ళు చూసుకున్నాడు. తీర్పు చదివాక ఒదిలోన్ నా వైపు తిరిగి, "మా అమ్మని ముందు బయటికి తీసుకుపో," అన్నాడు. ఆవిడ ఎండబెట్టిన చేపల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఇంకా ఎవరో ఏదో చెబుతారన్నట్టు కూర్చునే ఉంది.

ఇవాళ పొద్దున కాఫీ దగ్గర నేనొక మహాపరాధం చేశాను. గురువుగారిని నిలదీశాను. ఆయన రొట్టెకి వెన్న రాసుకుంటున్నారు.

"మీరు కావాలనే దెకూక్‌ని కూర్చోనిచ్చారు."

"అవును."

"ఒదిలోన్ చచ్చిపోవాలనా?"

వెన్నకత్తి ఆగింది. "జ్యూరర్‌కి ఎన్నేళ్ళు నిండాలిరా, పండితుడా?"

"ముప్ఫై."

"నిండకపోతే?"

"తీర్పు చెల్లదు. మొత్తం విచారణ కొట్టేసి..." అక్కడ నా నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"మీ మంగలి ఏమన్నాడు?"

ఏప్రిల్లో ముప్ఫయ్యో పుట్టినరోజు! ఎర్రసిరాతో నేనే గీత గీసి, అందులో ఏముందో నేనే చదవలేదు. జాబితా రాసిన గుమాస్తా ఎవరో పుట్టిన సంవత్సరం తప్పు రాశాడు. దెకూక్‌కి ఇంకా ఇరవై తొమ్మిదే.

"మరి కోర్టులోనే లేచి చెప్పచ్చుగా?"

"చెబితే అతన్ని లేపి ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. మనకేం మిగులుతుంది? నెగ్గితే ఎవడూ అడగడు. ఓడితే పెద్దకోర్టులో ఈ ముక్క తీసి చూపిస్తాం, ఆట మళ్ళీ మొదటినుంచి. తిను, చల్లారిపోతోంది."

అక్కా, ఆయన చెయ్యి ముద్దు పెట్టుకోవాలనిపించింది. వెన్న అంటుకుని ఉందని ఆగాను. పురపాలక కార్యాలయానికి పరిగెత్తి దెకూక్ పుట్టిన తేదీ పత్రం తెచ్చిచ్చాను. ఆయన కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. ఇద్దరం జైలుకి వెళ్ళాం. అప్పీలు కాగితం మీద ఒదిలోన్ సంతకం చేశాడు. కారణాలు చెప్పే కాగితం వేరే ఉంటుంది. అది కూడా ముద్దాయి సంతకంతో పది రోజుల్లో, అంటే ఇరవై రెండో తేదీ సాయంత్రం నాలుగింటికి జైలు గుమాస్తాకి అందాలి. అందకపోతే అప్పీలు గాలికి పోయినట్టే. గురువుగారు ఒదిలోన్ భుజం తట్టి, "నీ తల నా జేబులో భద్రంగా ఉందిరా," అన్నారు. నేను ముద్దు పెట్టుకోని ఆ చేతిని వాడు పెట్టుకున్నాడు.

హోటలుకి తిరిగొచ్చేసరికి టెలిగ్రాం. పారిస్‌లో ప్రభుత్వం మళ్ళీ పడిపోయిందట, కొత్తాయన మంత్రివర్గం కడుతున్నారట. గురువుగారికి న్యాయశాఖ! నీ తమ్ముడు ఇకనుంచి న్యాయశాఖ మంత్రిగారి సంచి మోస్తాడు. బావకి చెప్పు, నన్ను చూస్తే లేచి నిలబడాలని.

ఒక్కటే చిన్న ముల్లు. ఆయన మధ్యాహ్నం రైలుకే వెళ్ళిపోయారు. ఆ పత్రం కోటు జేబులోనే వెళ్ళిపోయింది.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
ఒక్తావ్


పారిస్, మార్చి 20

అక్కా,

ఈ ఉత్తరం బావకి అసలే వద్దు. ఇది నీకు కూడా రాయకూడదేమో.

వారంగా రోజూ మంత్రిగారి గుమ్మంలో నిలబడ్డాను. ఇవాళ లోపలికి రమ్మన్నారు. ఆ గది ఎంత పెద్దదంటే, నమస్కారం పెడుతూ బయల్దేరితే బల్ల దగ్గరికి చేరేసరికి చేతులు నొప్పెడతాయి. అలా అని చెప్పాను కూడా. ఆయన నవ్వలేదు. ఎనిమిది నెలల్లో నా జోకుకి ఆయన నవ్వకపోవడం అదే మొదలు.

"ఆ దెకూక్ సంగతి ఇక మర్చిపో, అబ్బాయ్."

"గురువుగారూ, ఇంకా రెండు రోజులే ఉంది."

"కోర్టులో వయసు చాలని జ్యూరర్ని చూసి కళ్ళు మూసుకున్న లాయరు ఇవాళ న్యాయశాఖ మంత్రి. ఎల్లుండి పత్రికలవాళ్ళు మీ మంగలి దగ్గర గడ్డం గీయించుకుంటారు. ఆ మర్నాడు నేనుండను, బిల్లూ ఉండదు. ఆ బిల్లు ఒక్కడి కోసం కాదు. ముందు ముందు రాబోయే వందమంది కోసం."

"మరి ఈ ఒక్కడు?"

"వాడికి క్షమాభిక్ష ఉందిగా. ఫైలు అధ్యక్షుడి దగ్గరికి పోయేది నా బల్ల మీదుగానే. నేను మాటిస్తున్నాను. చాలదా?"

పుట్టిన తేదీ పత్రం నా కళ్ళ ముందే సొరుగులో పెట్టి తాళం వేశారు. నేనేమన్నానో తెలుసా? "సరేనండీ," అన్నాను. ఇంట్లో మాటకి మాట అందిస్తానని నాన్న చేత తన్నులు తిన్నవాణ్ణి, అన్ని తెలివితేటలూ ఉన్నవాణ్ణి, ఒక మనిషి తల సొరుగులో పెట్టి తాళం వేస్తుంటే "సరేనండీ" అన్నాను. వచ్చేటప్పుడు వంగి నమస్కారం కూడా పెట్టాను.

బయట ఎవారిస్త్ అనే ముసలి బంట్రోతు ఉంటాడు. మెడలో వెండి గొలుసు, ఇరవై ముగ్గురు మంత్రులకి తలుపు తీసిన చెయ్యి. నా మొహం చూసి కుర్చీ లాగాడు.

"కూర్చో బాబూ. మొహం పాలిపోయింది. ఏం కావాలి?"

"ఏం లేదు తాతా. క్షమాభిక్ష ఫైలొకటి వస్తుంది, వాన్‌హౌట్ అని. వచ్చిన రోజు నాకొక కబురు చెబుతావా?"

"పడవవాడిదా? అది ఈ గదికి రాదుగా."

"ఎందుకు రాదు?"

"మొన్ననే మంత్రిగారు కాగితం రాసిచ్చారు, నేనే పట్టుకెళ్ళాను. తన పాత కక్షిదారు కాబట్టి ఆ ఫైలు తను ముట్టుకుంటే పక్షపాతం అంటారంట. కింద అంతస్తులో డైరెక్టరుగారికి అప్పగించారు."

"ఆయనెలాంటివారు?"

ఎవారిస్త్ గొలుసు సర్దుకున్నాడు. "మంచాయనే. కుక్కలంటే ప్రాణం. పదకొండేళ్ళలో ఒక్కడికి క్షమాభిక్ష రాశారు బాబూ. అదీ ఫైళ్ళు తారుమారై."

అక్కా, ఆ కాగితంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిజాయితీపరుడైన మంత్రి ఎవరైనా అదే రాస్తాడు. భయమంతా అక్కడే ఉంది. మొన్న అది రాసిన చేత్తోనే ఇవాళ సొరుగు తాళం వేశారు. మధ్యలో నాకు మాటిచ్చారు. ఆ మాటిస్తున్నప్పుడు గొంతు ఎంత వెచ్చగా ఉందో నువ్వు వినుంటే నువ్వు కూడా నమ్మేదానివి. ఇప్పుడు కూడా సగం నమ్ముతున్నాను. బహుశా ఆయన కూడా నమ్ముతున్నారేమో.

రేపు మార్లినీ వెళ్తున్నాను. పుట్టిన తేదీ పత్రం ఎవరడిగినా ఇస్తారు. కారణాలు నేనే రాయగలను. ఒదిలోన్ సంతకం ఒక్కటే కావాలి. ఆయనకి తెలిస్తే నా గౌను ఊడదీయిస్తారు. అప్పుడు మీ ఊరొచ్చి బావ గుర్రానికి గడ్డి వేస్తాను. చోటుంటే చెప్పు.

ఒక్తావ్


పారిస్, మార్చి 23

బెర్తక్కా,

కాగితం అందింది. నిన్న నాలుగింటికి పది నిమిషాల ముందు. ఎలా అందిందో నీకొక్కదానికే చెబుతున్నాను.

మరణశిక్ష పడ్డవాణ్ణి ఒంటరిగా వదలరు. ఇద్దరు కాపలావాళ్ళు రోజంతా వాడితో పేకాడుతుంటారు. నేను వెళ్ళేసరికి ఒదిలోన్ నెగ్గుతున్నాడు. కాళ్ళకి సంకెళ్ళు, నోట్లో చుట్ట. కాపలావాళ్ళు గుమ్మం దాకా జరిగారు. నేను మెల్లగా అంతా చెప్పాను: మంత్రిపదవి, సొరుగు, తాళం, కింద అంతస్తులో కుక్కల ప్రేమికుడు. వాడు చివరిదాకా విని, కాగితం నా వైపు తోసేశాడు.

"ఆయన నాకు మాటిచ్చాడు."

"నాక్కూడా ఇచ్చారు ఒదిలోన్."

"అప్పుడు ఉత్త లాయరు. ఇప్పుడు మంత్రి. మరీ మంచిదేగా."

"ఫైలు ఆయన చేతిలో లేదు."

"పెద్దోళ్ళ పనులు నీకేం తెలుసు చిన్న లాయరూ? పైకి ఒకటి రాస్తారు, లోపల ఇంకోటి చేస్తారు. నా కోసం ఆయన జనం ముందు ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు నేను కూడా అంత ఏడవలేదు. ఆయన పరువు తీసే కాయితం మీద నా చెయ్యి పడదు. తీసేయ్."

మూడింబావు అయింది. బతిమాలాను, తిట్టాను, తిట్లు తిన్నాను. మీ అమ్మ ఏమైపోతుందన్నాను. "అమ్మ కూడా ఇదే అంటది," అన్నాడు. మూడున్నర అయింది. గుమాస్తా నాలుగింటికి తలుపేసుకుంటాడు. అప్పుడు నా నోటినుంచి ఒక మాట వచ్చింది. నేను ఆలోచించి అనలేదక్కా. దానంతటదే, చాలా తీయగా వచ్చింది.

"సరే, నువ్వే గెలిచావు. పోనీ ఆయనకి కృతజ్ఞతలు చెబుతూ ఒక ఉత్తరం రాద్దామా? నేను పట్టుకెళ్తాను."

వాడి మొహం వెలిగిపోయింది. చుట్ట ఆర్పేశాడు. చెప్పాడు, రాశాను. "అయ్యా, మా అమ్మ మీ పేరున చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. మీరు మంత్రి అయ్యారంటే నేనే అయినంత సంతోషంగా ఉంది. అక్కడ పని ఎక్కువంట, వేళకి తినండి. నా గురించి బెంగ పెట్టుకోకండి, ఇక్కడ పేకలో నెగ్గుతున్నాను." ఇంకా ఉంది, రాయలేను. కింద సంతకం చేశాడు. సంతకమంటే పేరు బొమ్మలా గీస్తాడు, నాలిక బయటపెట్టి.

"రెండో పేజీ మీద కూడా," అన్నాను. "ఇక్కడ."

గీశాడు. అది అప్పీలు కారణాల కాగితమని చదివి తెలుసుకోవాలంటే వాడికి గంట పడుతుంది. పైగా చదవాలన్న ఆలోచనే రాలేదు. "నువ్వు మంచోడివి చిన్న లాయరూ. ఇందాక తిట్టింది మనసులో పెట్టుకోకు," అన్నాడు.

గుమాస్తా ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. మొదటి పేజీ నా దగ్గరే ఉంది. ఎవరికి ఇవ్వను? తిరుగు రైల్లో, బొగ్గు వ్యాపారి ఒకాయన బూట్ల మీద కక్కుకున్నాను. క్షమాపణ చెబితే, "పర్లేదు బాబూ, పెళ్ళా, పరీక్షా?" అన్నాడు.

ఒక్తావ్


పారిస్, జూన్ 4

అక్కా,

పెద్దకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ముప్ఫై నిండని జ్యూరర్ ఉన్నాడు కాబట్టి ఆ విచారణ జరగనట్టే. నవంబరులో వేరే ఊళ్ళో, వేరే జ్యూరీ ముందు మళ్ళీ మొదలు. అప్పటిదాకా ఒదిలోన్ మెడ ఒదిలోన్‌దే.

నా గౌను కూడా ఊడలేదు. దానికి నేను రుణపడింది చక్కెర దుంపలకి. వాటి మీద పన్ను విషయంలో తగాదా వచ్చి, పెద్దకోర్టు తీర్పుకి తొమ్మిది రోజుల ముందే ప్రభుత్వం పడిపోయింది. బిల్లు ఎవరూ చదవకుండానే పోయింది. గురువుగారు మళ్ళీ ఉత్త లాయరై కోర్టుకి తిరిగొచ్చారు. పెద్దకోర్టు తీర్పు వచ్చిన మర్నాడే పత్రికలన్నీ ఒకే పాట: రూసెలాక్ చివరి ఎత్తు, జ్యూరర్ని చూసీ చూడనట్టు కూర్చోబెట్టిన చాణక్యం, ముప్ఫై రెండో తల! మంత్రిగా ఉండగా వస్తే ముంచేసేదే, మాజీగా ఉండగా వచ్చి ఆయన్ని ఆకాశానికెత్తింది. కుర్ర లాయర్లు ఆయన్ని భుజాల మీద మెట్లు ఎక్కించారు. ఆయన చేతులూపారు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

గౌన్లు మార్చుకునే గదిలో మేమిద్దరమే మిగిలాం.

"నువ్వే కదూ," అన్నారు.

"నేనేనండీ."

తిడతారనుకున్నాను. గౌను బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నారు. "అర్థం కానిది ఒకటే. వాడు నా మీద ప్రాణం పెట్టుకున్నవాడు. సంతకం ఎలా చేశాడు?"

కృతజ్ఞతల ఉత్తరం సంగతి చెప్పాను. మొదటి పేజీ తీసి ఇచ్చాను. నిలబడే చదివారు. ‘వేళకి తినండి’ దగ్గర పెదవి కదిలింది. మడిచి నా చేతికే ఇచ్చేశారు.

"సంకెళ్ళలో ఉన్న మనిషి కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పావు. వాడు నిన్ను మంచోడివన్నాడు."

"అవునండీ."

"నాకది పట్టుబడటానికి పన్నెండేళ్ళు పట్టిందిరా. నీకు ఏడాది కూడా పట్టలేదు." భుజం మీద చెయ్యి వేశారు. ఒదిలోన్ భుజం తట్టినప్పటి చెయ్యే, అంతే వెచ్చగా ఉంది. "నాకంటే పైకొస్తావు. నవంబరులో ఇద్దరం కలిసి నిలబడదాం. తరవాత పార్లమెంటు సంగతి కూడా చూద్దాం."

అక్కా, ఈ మాట వినడానికే కదా నేను పారిస్ వచ్చింది. ఎవరైనా ఇలా అంటే నీకు టెలిగ్రాం కొడదామనుకున్నాను. తీరా విన్నాక అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కాలేదు. మర్నాడే రైలెక్కి ఒదిలోన్‌ని ఉంచిన కొత్త జైలుకి వెళ్ళాను.

సంకెళ్ళు తీసేశారు. కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "ఉత్తరం చదివాడా? ఏమన్నాడు?" అన్నాడు నన్ను చూస్తూనే.

అంతా చెప్పాను. రెండో పేజీలో ఏముందో చెప్పాను. మొదటి పేజీ చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, మోకాలి మీద పెట్టి సాపు చేశాడు.

"అంటే తాళం వేసింది నిజమే."

"నిజమే."

"నువ్వు నన్ను గాడిదని చేసింది కూడా."

"చేశాను. కావాలంటే ఇంకో లాయర్ని పెట్టుకో. ఫిర్యాదు చేస్తానన్నా నేనే రాసిస్తాను. ఈసారి సంతకం చేసేముందు ఎవరి చేతనైనా చదివించుకో."

బయట ఎవరో బొగ్గు దింపుతున్న చప్పుడు. వాడు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"నాకు మాటిచ్చినప్పుడు ఆయనకి చెయ్యి వణికిందా?"

"లేదు."

"నాకు అబద్ధం చెప్పినాక నీకు?"

"రైల్లో ఒకాయన బూట్ల మీద కక్కుకున్నాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నన్ను తలనుంచి కాళ్ళ దాకా, పడవ కొనేవాడు చెక్కలు తట్టి చూసినట్టు చూశాడు.

"నవంబరులో నువ్వు నిలబడు. ఒక్కడివే. ఆయన వద్దు."

"ఒదిలోన్, నాకు వాదన రాదు. నేనింతవరకూ సంచులే మోశాను. ఆయన ముప్ఫైమందిని..."

"బాగా మాట్లాడతాడు. నేనూ ఏడ్చాను. కానీ ఆయనకి భయం లేదు చిన్న లాయరూ. నేను పోయినా ఆయనకి మర్నాడు భోజనం అరుగుద్ది. నా పక్కన భయపడేవాడొకడు కావాలి నాకు."

ఒప్పుకున్నాను. గురువుగారికి ఇవాళ పొద్దున ఆ మాట చెప్పి సంచి అప్పగించి వచ్చాను. నవంబరు దాకా నాకు ధైర్యం చెబుతూ ఉత్తరాలు రాయకు అక్కా. వాడు అడిగిన ఒక్కటీ నా దగ్గర కావలసినంత ఉంది. దాన్ని తగ్గనివ్వకూడదు.

నీ తమ్ముడు,
ఒక్తావ్